దీపావళి దాకా ఆ నాలుగు చింతచెట్లను కొట్టకండి: చెట్లు కొట్టించే అధికారులకు బహిరంగ లేఖ

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో రోడ్లు వెడల్పు చేసే, కరెంటు లైన్ల కింద కొమ్మలు కొట్టించే అధికారులకు, ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలో, బస్టాండు ఎదురుగా బట్టలు కుట్టుకొని బతికే మనిషిని. గూట్లోంచి జారిపడ్డ పిట్ట పిల్లలను తొమ్మిదేళ్లుగా సాకి, రెక్కలు వచ్చాక వదులుతున్నాను. ఈ పని నాకు ఎవరూ అప్పజెప్పలేదు. నా కుట్టుమిషన్ కిటికీ పక్కన ఉంటుంది. కిటికీ ముందు చింతచెట్లు. పిల్ల పడితే ముందు నాకే కనబడుతుంది.

పోయిన ఏడాది జులైలో బస్టాండు పక్కన గూళ్లున్న ఐదు చింతచెట్లను కొట్టించిన దాని మీద మూడు అర్జీలు రాసి ఇచ్చాం. ఇప్పుడు మిగిలిన నాలుగింటికీ నంబర్లు వేశారు. నాతో పాటు బస్టాండు దగ్గరి దుకాణాలవాళ్లు పదిహేడు మంది సంతకాలు పెట్టారు. రసీదులు ఇచ్చారు, జవాబు రాలేదు. ఒకరిని అడిగితే ఇంకొకరి పేరు చెప్పారు. ఏ ఆఫీసుకు ఇచ్చామో ఇక్కడ రాయను. ఒక్కరిని తప్పుపట్టడానికి కాదు ఈ లేఖ. చెట్టు మీద రంపం పెట్టించే అధికారం ఎవరెవరికి ఉందో వాళ్లందరూ చదవాలని రాస్తున్నాను.

జరిగింది ఇది. బస్టాండు పక్కన తొమ్మిది చింతచెట్లు ఉండేవి. మా అత్తమ్మ పెళ్లై ఈ ఊరికి వచ్చేనాటికే అవి పెద్దచెట్లు. మిరుగు (మృగశిర కార్తె) చొచ్చి రెండు మంచి వానలు పడ్డాయంటే తెల్లకొంగలు, గుడ్డికొంగలు, చీకటి పడ్డాక అరుచుకుంటూ చెరువుకు పోయే చింతొక్కులు వాటి మీద గూళ్లు పెట్టేవి. జులై రెండో వారంలో ఒకరోజు పొద్దున ఆరున్నరకు రంపం మిషన్లు, జేసీబీ వచ్చాయి. నేనూ, పక్కన టీ కొట్టు తమ్ముడూ ఉరికిపోయి, "గూళ్లున్నయి, పిల్లలున్నయి, ఆపండి" అన్నాం. మిషన్ పట్టిన పిల్లగాడు, "మాకేం ఎరుక అక్కా, కొట్టమన్నరు, కొడుతున్నం" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. మొదటి చెట్టు పడ్డాక మిషన్ ఆపి, తలకు చుట్టుకున్న తువ్వాలలో ఏడు పిల్లలను ఏరి తెచ్చి నా చేతికిచ్చింది అతనే. కాని పని ఆపే అధికారం అతనికి లేదు. ఉన్నవాళ్లు ఆ పొద్దున అక్కడ లేరు. మధ్యాహ్నానికి ఐదు చెట్లు పడ్డాయి.

ఆ రోజు ప్రాణంతో దొరికినవి 61. చచ్చినవాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. కొమ్మలతో పాటే ట్రాక్టరులో ఎత్తుకుపోయారు. ఆ 61లో 26 ఎగిరిపోయాయి. మిగతా 35 మా ఇంట్లోనే పోయాయి. ఏ రోజు ఏది పోయిందో కొలతలు రాసుకునే నోటుబుక్కు వెనక పేజీల్లో రాసి ఉంది. ఎవరు వచ్చి అడిగినా చూపిస్తాను.

అందరూ వాటిని అనాథ పిల్లలు అన్నారు. పేపర్లో కూడా అలాగే వచ్చింది. ఆ రోజు సాయంత్రం దాకా మేత తెచ్చిన కొంగలు బస్టాండు మీద తిరుగుతూనే ఉన్నాయి, వాలడానికి కొమ్మ లేదు. ఆ పిల్లలకు తల్లీ ఉంది, తండ్రీ ఉన్నాడు. అవే చెట్లను నాలుగు నెలలు ఆగి నవంబరులో కొట్టి ఉంటే ఒక్క గూడు కూడా ఉండేది కాదు. వాటిని అనాథలను చేసింది పని పెట్టుకున్న తేదీ. నేను రాస్తున్నది ఆ తేదీ గురించే.

రోడ్డు వద్దని నేను అనడం లేదు. మా ఊరి గర్భిణులను ఇదే రోడ్డు మీద నల్లగొండ ఆస్పత్రికి తీసుకుపోతారు. కరెంటు పోతే నా మిషన్ కూడా ఆగుతుంది, మోటారు ఆగితే రైతు మడి ఎండుతుంది. తీగకు తగిలే కొమ్మను కొట్టాల్సిందే. ఎప్పుడు కొట్టాలి, కొట్టే ముందు ఏం చూడాలి అన్నదే మా అర్జీలో ఉన్నది. దాన్ని పట్టించుకోకపోతే భారం ఎవరి మీద పడుతుందో చెబుతాను.

1. పిల్లలను సాకే ఇళ్ల మీద పడుతుంది.

గోరింక పిల్లకు పొద్దు పొడిచింది మొదలు చీకటి పడేదాకా అరగంటకోసారి మేత పెట్టాలి. కళ్లు తెరవని పసికూనకైతే ఇంకా ముందే. గూట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి ఇదే పనిగా తిరుగుతాయి. నేను బ్లౌజుకు ఒక చేయి కుట్టి లేస్తాను, మేత పెట్టి వచ్చి రెండో చేయి కుడతాను. గోరింక పిల్ల గూడు వదలడానికి మూడు వారాలకు పైనే పడుతుంది. ఒకటి రెండు పిల్లలంటే ఏ ఇల్లయినా ఓర్చుకుంటుంది. ఒక్క పూట 61 వచ్చేసరికి శ్రావణం పెళ్లిళ్లకు ఒప్పుకున్న బ్లౌజుల్లో నలభై తిరిగి ఇచ్చేశాను. మా అమ్మాయి పది రోజులు కాలేజీకి పోలేదు.

కొంగ పిల్లకు చేప కావాలి. పాలు, బ్రెడ్డు, అన్నం దానికి మేత కాదు. అసలు ఏ పిట్ట పిల్లకూ పాలు పోయకూడదు, అరగవు. తెల్లవారకముందే మా ఆయన చెరువు దగ్గరికి పోయి, వలలో పడ్డ చిన్న పరకలు కొనుక్కొచ్చేవాడు. తినిపించాక పక్కింటి కుక్క మొరిగితే చాలు, కొంగ పిల్ల భయపడి తిన్నదంతా కక్కేస్తుంది. మళ్లీ మొదలు. దాని ముక్కు సూది లాంటిది, ఎదురుగా మెరిసేదాన్ని పొడుస్తుంది. కళ్లద్దాలు లేకుండా దాని ముందు ముఖం పెట్టకూడదు. మా ఆయనకు దెబ్బ కనుబొమ్మ మీద పడింది, కంట్లో పడలేదు.

ఈ పని నేర్పే మనిషి మా దగ్గర లేడు. మొదటి ఏడాది నా చేతుల్లో చచ్చిపోయిన పిల్లలు ఉన్నాయి, ఆ మాట దాచను. దప్పికగా ఉందేమోనని ఒక గోరింక పిల్ల నోట్లో ఫిల్లరుతో నీళ్లు పోశాను. పిట్టకు గాలిగొట్టం నాలుక మొదట్లోనే తెరుచుకొని ఉంటుంది. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయి, పది నిమిషాల్లో పోయింది. వానలో తడిసి చల్లబడ్డ పిల్లకు ఆకలేస్తోందని వెంటనే మేత పెట్టాను, అదీ దక్కలేదు. ముందు వెచ్చబడాలి, వెచ్చబడితేనే అరుగుతుంది. పేపరు పరిచి దాని మీద పెడితే కాళ్లు జారి రెండు పక్కలకూ చీలిపోతాయి, ఇక ఆ పిల్ల నిలబడలేదు. అందుకే గుడ్డ చుట్టి గూడులా చేస్తాం. ఆ గుడ్డకు పోగులు వేలాడితే కాలి వేళ్లకు చుట్టుకొని కోసేస్తాయి. రోజంతా దారంతోనే ఉండే నాకే ఈ సంగతి తట్టలేదు. ఒక గువ్వ పిల్లకు వేలు తెగిపోయాక, గుడ్డ అంచులు మడిచి కుట్టడం మొదలుపెట్టాను. మా ఊరి పశువుల ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన కాంపౌండరు పెద్దాయన లేకపోతే ఇంకెన్ని పోయేవో.

బతికిస్తే చాలదు. మనిషి చేతినే తల్లి అనుకుంటే ఆ పిట్ట బయట బతకదు, కుక్క దగ్గరికీ పిల్లి దగ్గరికీ నడుచుకుంటూ పోతుంది. అందుకే ముద్దు చేయం, పేర్లు పెట్టం, ఒక జాతి పిల్లలను కలిపే ఉంచుతాం. ఈకలు వచ్చాక డాబా మీద వెదురు గడలకు దోమతెర కట్టిన గదిలోకి మారుస్తాం. టబ్బులో బతికున్న చేపలు వేసి, తమంతట తాము పట్టుకొని తినేదాకా ఉంచుతాం. తర్వాత వాటి జాతి పిట్టలు మేసే చోటికి పొద్దున్నే తీసుకుపోయి వదలాలి. పోయిన ఏడాది కొన్నింటిని మా ఊరి చెరువు కట్ట మీద, కొన్నింటిని పానగల్లు ఉదయ సముద్రం చెరువు దగ్గర వదిలాం. తెల్లకొంగల్లో ఒకటి మూడు రోజులు కట్ట దిగలేదు. రోజూ పోయి చేపలు వేసి వచ్చాం. నాలుగో రోజు బర్రెల మంద వెంట పోతూ కనబడింది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో అందరం అన్నం కడుపునిండా తిన్నాం.

ఇంత చేసినా సగం కూడా దక్కలేదు. గూట్లో ఉంటే ఆ పనంతా తల్లిదండ్రులే చేసుకునేవి, మాకంటే బాగా చేసేవి. మమ్మల్ని మెచ్చుకుంటూ ఫోటోలు తీసుకున్న సార్లందరికీ నేను చెప్పింది ఇదే. మా మెప్పు వద్దు, చెట్టు కొట్టే నెల మార్చండి.

2. రైతు మీద పడుతుంది.

మా జిల్లాది వరి, పత్తి, బత్తాయి. దుక్కి దున్నే ట్రాక్టరు వెనక తెల్లకొంగలు ఎందుకు నడుస్తాయో చిన్నపిల్లలకూ తెలుసు. మట్టిలోంచి లేచే పురుగులను, మిడతలను ఏరుకు తింటాయి. గోరింకలు, తోక రెండుగా చీలిన నల్ల ఎట్రింతలు చేనులో పురుగును పడతాయి. వరి గట్లను తొలిచే ఎలుకలను రాత్రిపూట గుడ్లగూబ పడుతుంది. దానికి పాత చెట్టు తొర్ర కావాలి. తొర్ర ఉన్న చెట్టు పుచ్చిపోయిందని ముందు కొట్టేది దాన్నే. ఈ పిట్టలు చేసిపెట్టే పనికి రూపాయల్లో లెక్క కట్టడం నాకు రాదు. పురుగుమందుల దుకాణం బాకీ ఎంతో మాత్రం ప్రతి రైతు ఇంట్లో చెబుతారు.

3. బస్టాండులో బతికేవాళ్ల మీద పడుతుంది.

ఎండాకాలం 45 డిగ్రీలు చూసే జిల్లా ఇది. పూలమ్మే అవ్వ, చెప్పులు కుట్టే తాత, బస్సు కోసం నిలబడే బాలింతలు ఆ చెట్ల కిందే ఉండేవాళ్లు. అవ్వ ఇప్పుడు యూరియా సంచులు కుట్టిన పట్టా కింద కూర్చుంటోంది, ఆ పట్టా కుట్టింది నేనే. హరితహారం మొక్కలు నాటారు, సంతోషం. కాని చింతమొక్క గూళ్లు మోసే చెట్టు కావాలంటే ఒక తరం గడవాలి. ఇక చెట్లు కొట్టిన తర్వాత నాలుగు రోజులు అక్కడ వాసనకు ఎవరూ నిలబడలేదు. బడికి పోయే పిల్లలు ఆ దారినే పోయారు. కుక్కలు ఏం లాక్కుపోతున్నాయో చూశారు. మూడో తరగతి చదివే ఒక పాప నా దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, వీటికి చెప్పకుండనే కొట్టిన్రా?" అని అడిగింది.

4. తెలియక చట్టం తప్పేవాళ్ల మీద పడుతుంది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో తొర్ర ఉన్న కొమ్మ కొడితే రామచిలుక పిల్లలు పడతాయి. వాటిని ఎవరో ఒకరు తీసుకుపోతారు. కొన్ని అమ్ముడుపోతాయి, కొన్ని పంజరంలోకి పోతాయి. చిలుకను పంజరంలో పెట్టడం నేరమని దాన్ని ప్రేమగా సాకే ముసలమ్మకు తెలియదు. మా లాంటివాళ్లకూ చిక్కే. అడవి పక్షి ఏ విధంగా చేతికి వచ్చినా 48 గంటల్లో పోలీసు స్టేషన్‌లోనో, అధికారం ఉన్న అధికారికో చెప్పాలని చట్టం అంటుంది. చెప్పడానికి మేం సిద్ధం. చెప్పాక ఆ పిల్లను ఎక్కడ పెట్టాలి? మా జిల్లాలో అలాంటి గది ఒక్కటి కూడా నాకు ఎవరూ చూపించలేదు. నూరు కిలోమీటర్లు దాటి హైదరాబాదుకు తీసుకుపోయేలోపు కళ్లు తెరవని పిల్ల బతకదు.

ఇక మీ చేతిలో ఉన్న చట్టం గురించి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాని జాబితాల్లో (షెడ్యూళ్లలో) ఉన్న పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లనూ గూళ్లనూ కదిలించడం కూడా వేట కిందికే వస్తాయి. తుపాకీ పట్టినవాడు ఒక్కడే వేటగాడు కాదన్నమాట. చెట్టు కొట్టడానికి అనుమతి కావాలని నీరు, భూమి, చెట్ల కోసం తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచే చెబుతోంది. అనుమతి కాగితంలో చెట్టు జాతి, చుట్టుకొలత రాస్తారు. దాని మీద గూడు ఉందా అన్న ప్రశ్న కూడా ఉంటే మా ఊళ్లో ఆ పొద్దున అలా జరిగేది కాదు.

2022లో కేరళ మలప్పురం జిల్లాలో హైవే వెడల్పు కోసం పెద్ద చెట్టును గూళ్లతో సహా కూల్చారు. పిల్లలు పదుల కొద్దీ చచ్చిపోయాయి. ఆ వీడియో దేశమంతా చూసింది, అటవీ శాఖ కేసు పెట్టింది. మా ఊళ్లో ఎవరూ వీడియో తీయలేదు. మా చేతుల్లో పిల్లలున్నాయి. ఎవరి మీదా కేసు పెట్టమని కూడా నేను అడగడం లేదు, మళ్లీ జరగకుండా చూడమంటున్నాను.

చేయాలనుకుంటే చేయవచ్చని చూపించిన ఊళ్లు ఉన్నాయి. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. గూళ్ల వల్ల చింతపండు నష్టపోయే ఇంటివాళ్లకు అక్కడి అటవీ శాఖ పరిహారం ఇస్తూ వచ్చింది. కింద పడ్డ గూడబాతు పిల్లలను జాలి కట్టిన ఆవరణలో పెంచి వదులుతారు. అంత దూరం కూడా పోనక్కరలేదు. మన పాలమూరు పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగితే, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్క మందు ఎక్కించింది మన అధికారులే. ఆ సీసాల ఫోటో చూసిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. చెట్టుకు సెలైన్ పెట్టగలిగినవాళ్లు గూడు ఖాళీ అయ్యేదాకా ఆగలేరా అనుకున్నాను.

అందుకే మళ్లీ అడుగుతున్నాను.

1. రోడ్డు పక్క చెట్లు కొట్టే పని, లైన్ల కింద కొమ్మల పని దీపావళి దాటాక మొదలుపెట్టి సంక్రాంతి లోపు ముగించండి. గద్దలు, చిలుకలు సంక్రాంతి దాటితే గూళ్ల పనిలో పడతాయి. గోరింకలు, గువ్వలు, కాకులు ఎండాకాలమంతా. కొంగలు, గిజిగాళ్లు వానాకాలమంతా. ఎప్పుడంటే అప్పుడు గుడ్లు పెట్టేవి కొన్ని ఉన్నా, అన్నిటికంటే ఖాళీగా ఉండేది ఆ రెండున్నర నెలలే. ఇప్పుడు మా దగ్గర కొమ్మలు కొట్టేది మే నెలలో, గాలిదుమారాలకు ముందు. దీపావళి తర్వాత కొట్టిన కొమ్మ ఎండాకాలంలో పెద్దగా సాగదు, తొమ్మిదేళ్లుగా కిటికీలోంచి చూస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఈ తేదీలు టెండరు కాగితంలోనే రాయండి. నోటిమాటగా చెబితే రంపం పట్టినవాడి దాకా చేరదు.

2. ప్రమాదం ఉండి నడుమ కొట్టక తప్పకపోతే, తీగకు తగిలే కొమ్మ వరకే కొట్టండి. కొట్టే ముందు ఒక మనిషి పావుగంట చెట్టు కింద నిలబడి చూడాలి, చూశానని సంతకం పెట్టాలి. పెద్ద చదువు అక్కరలేదు. చెట్టు కింద సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటే పైన కొంగల గూళ్లున్నట్టు. నోట్లో పురుగుతో పిట్ట ఒకే చోటికి పదేపదే పోతుంటే అక్కడ పిల్లలున్నట్టు.

3. గూళ్లుంటే ఆగండి. గుడ్డు పెట్టింది మొదలు పిల్ల ఎగిరేదాకా గోరింకకు ఆరు వారాలు, కొంగలకు రెండు నెలలు. మా రోడ్డు పని మంజూరై మూడేళ్లు, చెట్లు కొట్టాక కూడా ఐదు నెలలు కంకర కుప్పలు అలాగే ఉన్నాయి. రెండు నెలలు ఆగితే ఆ పనికి ఏ నష్టమూ వచ్చేది కాదు.

4. ఎండిన తాటిమోడును అడ్డం లేకపోతే వదిలేయండి. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరు ఊరంతా జమ్మిచెట్టు దాకా పోతాం. మన రాష్ట్ర పక్షి అది. ఎండాకాలంలో అది గుడ్లు పెట్టేది అలాంటి మోడు తొర్రలోనే.

5. నల్లగొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి, పిట్టల కోసం గది ఇవ్వండి. వెచ్చగా ఉండే ఒక చిన్న గది, ఎగరడం నేర్చుకోవడానికి పెద్ద జాలి గది, పక్షుల వైద్యం నేర్చుకున్న ఒక డాక్టరు. పశువులకు జబ్బు చేస్తే 1962కు ఫోన్ చేస్తే బండి వస్తుంది. ఆ బండిలోని సిబ్బందికి దెబ్బ తగిలిన పిట్టను ఎలా పట్టాలో, ఎక్కడికి చేర్చాలో నేర్పించండి. మా లాంటి సాకేవాళ్ల పేర్లు అటవీ శాఖ దగ్గర రాసుకొని, మాకు నేర్పి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి. మా ఇళ్లకు వచ్చి తనిఖీ చేయండి. మేం అడిగేది అదే.

6. చెట్టు కొట్టే మూడు రోజుల ముందు ఊళ్లో చాటింపు వేయించండి. ఏ చెట్టు మీద ఏముందో ఊరివాళ్లే చెబుతారు.

ఇది చదివే అందరితోనూ ఒక మాట. ఒంటి నిండా ఈకలుండి, తోక పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతున్న పిల్ల కనబడితే దాన్ని ఇంటికి తేకండి. అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి దగ్గరలోనే ఉంటుంది. కుక్కా పిల్లీ రాకుండా చూసి పక్క కొమ్మ మీద పెట్టండి, చాలు. ఈకలు లేని పిల్ల పడితే, గూడు అందితే గూట్లోనే పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి రానివ్వదన్నది నిజం కాదు, నేను పెట్టిన పిల్లలకు తల్లులు మేత తేవడం ఎన్నోసార్లు చూశాను. గూడు చెడిపోతే చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి అదే చెట్టుకు కట్టి, దూరం పోయి గంట రెండు గంటలు చూడండి. తల్లి రాకపోతేనే, లేదా పిల్లకు దెబ్బ తగిలితేనే తీసుకోండి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, వెచ్చగా, చీకటిగా ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి. వెంటనే ఫారెస్టు వాళ్లకు చెప్పండి.

అధికారులకు చివరగా ఇది. బస్టాండు దగ్గర మిగిలిన నాలుగు చింతచెట్లకు పోయిన నెలలో ఎర్ర రంగుతో నంబర్లు వేసి పోయారు. తేదీ ఎవరూ చెప్పడం లేదు. ఆ నాలుగూ కొట్టక తప్పదని మీరు అంటే, వేళ్లతో సహా తీసి వేరే చోట నాటే వీలుందేమో ముందు చూడండి. ఏదైనా దీపావళి తర్వాతే చేయండి. ఒకటో నంబరు మీద 6 గూళ్లున్నాయి. రెండో నంబరు మీద 9. నాలుగో దాని మీద 4 కనబడుతున్నాయి, పైన కొమ్మల్లో ఇంకా ఉండవచ్చు. మూడో నంబరు చెట్టు మీద ఈ ఉదయానికి 11 గూళ్లు. వాటిలో రెండింట్లో పిల్లల అరుపు నిన్నటి నుంచి వినబడుతోంది.

ఇట్లు,
బస్టాండు ఎదురుగా కుట్టుమిషన్ పెట్టుకున్న ఒక దర్జీ,
నల్లగొండ జిల్లా